లమ్యై ఎడమ చెయ్యి

“దాన్ని నా దగ్గరికి రానివ్వకండి,” అంది ప్రణీ.

బోర్లా పడుకుని, దిండులో ముఖం దాచుకుని అన్నా ఆ మాట నది మీది తెప్ప ఇల్లంతా వినబడింది. అరటిపువ్వు వేసి కాచిన మిరియాల చారు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన రంపై అక్కడే ఆగిపోయింది. “అది” అంటే తనే. ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే తెప్ప మీద పెరిగిన చెల్లెలు నిన్నటి నుంచి “అది” అయిపోయింది.

ప్రణీ నడుం కింద అరచెయ్యంత మేర చర్మం కమిలి, పొక్కింది. పైన కలబంద గుజ్జు రాసి పలచటి గుడ్డ కప్పారు. తొలి కాన్పు, అదీ లేటు వయసులో. పురుడు పట్నం ఆస్పత్రిలో పోసుకున్నా, బాలింతకి కాపడం మాత్రం తల్లి లమ్యై చేత్తోనే పెట్టించుకోవాలని హువా హిన్ నుంచి పుట్టింటికి వచ్చింది. సకే క్రాంగ్ నది మీద లమ్యై చేతి కాపడం అంటే ఆషామాషీ కాదు. నడుం నొప్పులు పోతాయి, పట్టేసిన మెడలు తిరుగుతాయి, పాలు పడతాయి. నిన్న పొద్దున ఆ కాపడం మూటే కన్నకూతురి ఒళ్ళు కాల్చింది.

ప్రణీ మొగుడు తవీ ఒక మూల కూర్చుని బట్టలు సంచిలో కుక్కుతున్నాడు. హోటల్లో వంట చేసే మనిషి. చేతుల నిండా పాత వాతలే. కానీ పెళ్ళాం ఒంటి మీద వాత చూడటం అతనికి ఇదే మొదలు.

“వెళ్ళిపోదాం,” అన్నాడు. “ఇంకొక్క పూట కూడా వద్దు.”

“నర్సమ్మ చూసింది కదా బావా. లోతుగా కాలలేదు, కదిలించకుండా ఉంచమంది.”

“నువ్వు మాట్లాడకు,” అంది ప్రణీ దిండులోంచే. “మూట అందించేది నువ్వు. నీళ్ళు తగిలిన మూట తీసి, పిండకుండా అమ్మ చేతిలో పెట్టావు.”

“నేను అందించలేదక్కా. పాప ఏడిస్తే ఉయ్యాల దగ్గరికి వెళ్ళాను. పాపని ఎత్తుకుని ఇటు తిరిగేలోపే నువ్వు అరిచావు.”

“ఓహో. అయితే మూటకి కాళ్ళొచ్చి కుండలోంచి నడిచొచ్చిందన్నమాట.”

“నేను అందించలేదంటున్నా.”

“మరి ఎవరు? పాపా?” ప్రణీ తల ఎత్తబోయింది. నడుం లాగినట్టుంది, పళ్ళ బిగువున మళ్ళీ పడుకుంది. “నీ కడుపుమంట నాకు తెలీదనుకోకు. ఇన్నేళ్ళూ అమ్మ పక్కన కూర్చుని ఆకులు దంచింది నువ్వు. తీరా గురుపూజ రోజుకి నేను దిగబడ్డాను. తట్ట నాకిచ్చేస్తుందేమోనని నీ భయం.”

ఆ భయం లేదని రంపై ఎలా అంటుంది? ఉంది. ఏటా ఒక గురువారం నాడు వైద్య గురువు జీవకుడికి చేసే పూజలో పూలూ, తమలపాకులూ, అగరొత్తులూ పెట్టి ఎత్తే తట్ట అది. లమ్యై తల్లి నుంచి లమ్యైకి వచ్చింది. ఈ ఏడు దాన్ని ఒక కూతురి చేతిలో పెడతానని లమ్యై నది పొడుగునా చెప్పింది. తట్ట ఎవరిదైతే ఇంట్లో కాపడం పీట వాళ్ళది. రంపైకి చదువు అబ్బలేదు, పెళ్ళి నిలవలేదు. చేతికి వచ్చిందల్లా ఈ ఒక్క పని. ఆ పీట పోతే ఆమెకి ఇంకేం మిగలదు.

“అమ్మా, నువ్వు చెప్పు,” అంది రంపై.

“అవును, నువ్వే చెప్పమ్మా,” అంది ప్రణీ.

లమ్యై కిటికీ దగ్గర చాప మీద కూర్చుని ప్లాయి దుంపలు తరుగుతోంది. లోపల పసుప్పచ్చగా ఉండే ఆ దుంప వాసన అల్లంలా ఘాటుగా గది నిండా పట్టేసింది. ఎండాకాలం ఉక్కలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుంది. కూతుళ్ళిద్దరి వైపూ చూడలేదు. కత్తి మాత్రం ఆగింది.

నదిలో ఎవరిదో మోటారు పడవ పోయింది. ఆ అలకి తెప్ప కింది వెదురు బొంగులు కిర్రుమన్నాయి.

“ఈ ప్లాయిలో ఇంకా తడి ఉంది,” అంది లమ్యై చివరికి. “ఇంకో పూట ఎండబెట్టాలి.”

“అమ్మా.”

“గురువారం అయ్యేదాకా రంపై ఆవిరి కుండ దగ్గరికి రాకుండా ఉంటేనే మంచిది,” అంది లమ్యై, దుంపతో మాట్లాడుతున్నట్టు. “తవీ, నువ్వు కూడా పూజ దాకా ఉండు నాయనా. పచ్చి బాలింతని కారులో కుదిపితే ఇంకా పాడవుతుంది.”

తవీ సంచి మూయడం ఆపాడు. ప్రణీ దిండులోకి ఒక నిట్టూర్పు వదిలింది. రంపై చారు గిన్నె గడప అవతలే పెట్టి బయటికి నడిచింది.

ఆమెకి ఒళ్ళు మండుకొచ్చింది. అక్క అన్న మాటలకి కాదు, అక్క నోటికి హద్దూ అదుపూ ఎప్పుడున్నాయి గనక. తల్లి మాటకే మండింది. నిన్న కుండలోంచి మూట తీసింది తల్లే. ఆ సమయంలో పొయ్యి దగ్గర ఇంకెవరూ లేరు. ఆ సంగతి తల్లికి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

*

తెప్ప వెనక వైపు, నీళ్ళ మీద పెంచిన, వాసనకి వేసే పాండన్ ఆకు కోస్తూ కూర్చుంది రంపై. కోస్తోంది గానీ మనసు కుండ దగ్గరే ఉంది. ఒక ముడి ఎంతకీ విడిపడటం లేదు. తీసింది అమ్మే అయినా, పెట్టే ముందు చేతి మీద చూడకుండా ఉంటుందా?

కాపడం పెట్టేవాళ్ళకి అది మొదటి పాఠం. ప్లాయి, పసుపు, నిమ్మగడ్డి, చింతాకు, శీకాయాకు, ఉప్పు, కర్పూరం గుడ్డలో గట్టిగా కట్టి ఆవిరి పట్టిస్తారు. మూట పైకి తియ్యగానే మనిషికి పెట్టరు. ముందు తమ ముంజేతి లోపలి వైపు ఆనించుకుంటారు. అక్కడి చర్మం పసిపిల్ల బుగ్గలా ఉంటుంది, అబద్ధం చెప్పదు. అది ఓర్చుకున్నదే మనిషి ఓర్చుకుంటాడు. లమ్యై ఆ పరీక్ష ఎడమ చేతి మీద చేస్తుంది. ఈ నది మీద ఆమె చేతి కింద కాలినవాళ్ళు ఎవరూ లేరు, నిన్నటి దాకా.

“ఏమే, నిన్ను కుండ దగ్గరి నుంచి వెలేశారటగా?”

జంటా పిన్ని పడవ పాండన్ మొక్కల్ని రాసుకుంటూ వచ్చి ఆగింది. నాలుగు తెప్పల అవతల వలగదుల్లో చేపలు పెంచే మనిషి. ఆవిడ భుజం ఎప్పుడూ పట్టేసే ఉంటుంది, నోరు మాత్రం ఎప్పుడూ పట్టెయ్యదు.

“ఎవరు చెప్పారు పిన్నీ?”

“ఎవరు చెప్పాలి? మీ బావ ఫోనులో అరిచిన అరుపులకి నా చేపలు మేత మానేశాయి.” జంటా తాడు కట్టి, ఒక చేత్తో భుజం పట్టుకుని పైకెక్కింది. “అమ్మ ఉందా? కాపడం పెట్టించుకోవాలి. ఏమీ అనుకోకే తల్లీ, మూట కూడా మీ అమ్మే తీసి, మీ అమ్మే పెట్టాలి. నీ చెయ్యి తగలకూడదు. నాకు మొగుడు లేడు, వీపు కాలితే కలబంద రాసే దిక్కు లేదు.”

నవ్వుతూనే అంది. జంటా ఎవరి మనసైనా నవ్వుతూనే గుచ్చుతుంది.

రంపై కిటికీ చువ్వల పక్కన, లోపలికి కనబడకుండా నిలబడింది. కుండ దగ్గరికి రావద్దన్నారు గానీ చూడొద్దనలేదు. లోపల అవతలి గదిలో పాప పాలు తాగుతున్న చప్పుడు. జంటా చాప మీద వాలి, రవిక జార్చుకుని, ఊళ్ళో సంగతులు మొదలుపెట్టింది. లమ్యై గురువు బొమ్మకి దణ్ణం పెట్టుకుని, కుండ మూత తీసి, ఒక మూట అందుకుంది. చొక్కా చెయ్యి పైకి మడిచింది. ఎడమ ముంజేతికి ఆనించింది.

ఆనించి, అలాగే ఉంచింది.

చల్లారిన మూటనైతే అలా ఉంచొచ్చు. అప్పుడే తీసిన మూట ఇలా తగిలించి అలా ఎత్తెయ్యాలి. మూట చుట్టూ చర్మం ఎర్రబడటం రంపైకి కనిపిస్తూనే ఉంది. ఆ చేతి మీద అదొక్కటే కాదు. మోచేతి కింద పాత బొబ్బలు ఎండి, చారలు కట్టి ఉన్నాయి. లమ్యై ముఖంలో మాత్రం చీమ కుట్టినంత కదలిక కూడా లేదు. జంటా చెప్పే కబురుకి ఊఁ కొడుతోంది.

“సరిపోయింది,” అంది లమ్యై, జంటా భుజం వైపు వంగుతూ.

రంపై ఎప్పుడు లోపలికి వచ్చిందో ఆమెకే తెలియదు. తల్లి చేతిలోంచి మూట లాగేసుకుంది. అరచెయ్యి చురుక్కుమంది. ప్రాణం పోయినంత పనైంది గానీ మూట వదల్లేదు.

“ఏంటే ఇది?” జంటా గబుక్కున లేచి రవిక పట్టుకుంది.

“ముడి వదులైంది పిన్నీ,” అంది రంపై. “విప్పి కడతాను. పడుకోండి.”

“నీ చెయ్యి తగలొద్దని చెప్పానా లేదా? లమ్యై అక్కా, నువ్వైనా చెప్పవేం?”

లమ్యై కూతుర్ని చూసింది. కూతురు తల్లి ముంజేతిని చూస్తోంది. లమ్యై మెల్లగా చొక్కా చెయ్యి కిందికి దించుకుంది.

“దాన్ని అందించనీ జంటా,” అంది. “పక్కన నేనున్నాగా.”

మిగతా కాపడం అంతా రంపై అందిస్తుంటే సాగింది. మూట తీసి, తువ్వాల్లో ఒత్తి, తన చేతి మీద చూసుకుని ఇచ్చింది. లమ్యై దాన్ని మళ్ళీ తన చేతికి ఆనించి, భుజానికి ఒత్తింది. వేడిగా ఉన్నప్పుడు తడుతూ, చల్లారే కొద్దీ నిలిపి పట్టి. కాసేపటికి జంటా మాటలు తగ్గి, గురక మొదలైంది. లేచి వెళ్ళేటప్పుడు భుజం రెండు వైపులా తిప్పి చూసుకుంది.

“ఇదీ లమ్యై చెయ్యి అంటే,” అంది, రంపై వైపు ఓరగా చూస్తూ. “చూసి నేర్చుకోవే.”

*

జంటా పడవ మలుపు తిరిగాక తల్లీకూతుళ్ళు బయటికి వచ్చారు. వాడిన మూటలు విప్పి ఆకుపిప్పి నదిలో పడేస్తూ, తెప్ప అంచున పక్కపక్కనే కూర్చున్నారు.

“ఎప్పటి నుంచి?” అంది రంపై.

“ఏది?”

“అమ్మా.”

లమ్యై గుడ్డ జాడించింది, మళ్ళీ జాడించింది.

“చలి తగ్గేటప్పటి నుంచి. మొదట తిమ్మిరనుకున్నా. పడుకున్న తీరు బాగా లేదేమోననుకున్నా. ఒకరోజు అన్నం వారుస్తుంటే గంజి ఒలికింది. బొబ్బ లేచాక చూశాను. మంట తెలియలేదు.”

“కుడి చెయ్యి?”

“వేళ్ళ చివర్లు మొదలయ్యాయి.”

“మరి ఇన్నాళ్ళూ ఎలా పెట్టావమ్మా కాపడం?”

“నీ చేత్తో,” అంది లమ్యై, నదిని చూస్తూ. “నువ్వు అందించిన మూట ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది. ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టేదాన్ని. ఊరికే ఆచారానికి చేతికి ఆనించేదాన్ని. ఒక్కరికీ తెలియలేదు. నీక్కూడా.”

తల్లి నోటి వెంట ఇంత మెప్పు రంపై బుద్ధెరిగాక వినలేదు. దీనికోసం ఎన్ని ఏళ్ళు ఎదురుచూసిందో. ఇప్పుడు వింటుంటే ఏడుపొచ్చింది.

“నిన్న అక్క అరిచింది కదా.”

“అరిచింది.”

“వెంటనే తియ్యలేదా?”

లమ్యై చేతిలో గుడ్డ ఆగిపోయింది. “పచ్చి బాలింత, ముట్టుకుంటే అరుస్తుందనుకున్నాను. కాస్త ఓర్చుకో, అంత వేడేం లేదన్నాను. నా చేతికి తెలిస్తే కదా.”

“పొద్దున అది నన్ను అన్ని మాటలంటుంటే?”

కింద చేపలు పైకొచ్చి ఆకుపిప్పిని నోటితో పొడిచి, నచ్చక వదిలేశాయి.

“లే. ఆస్పత్రికి పోదాం.”

“వస్తాను. గురువారం వెళ్ళనీ.” లమ్యై గొంతు తగ్గించింది. “నా దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళంతా వస్తారు. నా కాళ్ళ దగ్గర పూలు పెడతారు. చెయ్యి చచ్చిన గురువుకి పెడుతున్నామని వాళ్ళకి తెలియాలా? ఇల్లిల్లూ తిరిగి సంపాదించుకున్న పేరే ఇది, నాకు వేరే ఏముంది? ఒక్క పూజ. పరువుగా దిగనివ్వు నన్ను.”

“తట్ట ఎవరికిస్తావు?”

లమ్యై ఇంకో మూట ముడి విప్పింది.

“ప్రణీకి.”

“అది పెద్దదనా?”

“నీకిస్తే, ఒళ్ళు కాల్చిన చేతికిచ్చింది అంటారే.”

రంపై తల్లి వైపు తిరిగి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “కాల్చింది నా చెయ్యా అమ్మా?”

“కాదు. అది నీకూ నాకూ తెలుసు కదా.”

“మనిద్దరికీ తెలిస్తే సరిపోతుందా?”

లోపలి నుంచి ప్రణీ గొంతు వినబడింది. “అమ్మా, బయట ఎవరితో మాట్లాడుతున్నావు?”

లమ్యై తడిగుడ్డని దులిపి తాడు మీద వేసింది.

“ఎవరూ లేరు,” అంది.

*

గురువారం పొద్దున్నే తెప్ప నిండిపోయింది. ఎగువ నుంచీ దిగువ నుంచీ పడవల్లో ఆడవాళ్ళు దిగారు. తెల్ల రవికలు, చేతుల్లో పూలు, అగరొత్తులు. గురువు బొమ్మ ముందు ఉడికించిన పంది తల, అరటి గెలలు, కొబ్బరికాయలు, అరటాకు మడిచి కట్టిన గోపురం అన్నీ అమిరాయి. పాపని ఎవరో ఒళ్ళో వేసుకున్నారు. తవీ కూడా మంచి చొక్కా తొడుక్కుని, మోకాళ్ళు ముడుచుకుని గోడకి ఆనుకున్నాడు.

రంపై తెల్లవారుతూనే తల్లి దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్క మాట అడిగింది. చెబుతాననలేదు, చెప్పననీ అనలేదు. “కుండ దగ్గర నన్ను కూర్చోనివ్వు. ఇవాళ ఒక్కరోజు.”

“ప్రణీ ఒప్పుకోలేదు,” అంది లమ్యై జడలో పువ్వు సర్దుకుంటూ. “నువ్వు పొయ్యి ముట్టుకుంటే కూర్చోనంది.”

అందుకని ఆవిరి కుండ ఈ మధ్యే పని నేర్చుకోవడానికి చేరిన ఒకావిడ చేతికి వెళ్ళింది. పాపం, గురువమ్మ ముందు తక్కువ కాకూడదని కుండ నిండా నీళ్ళు పోసి, మంట ఎగదోసింది. నీళ్ళు మూటల కింది చిల్లుల మూకుడు దాకా ఎగసి వాటిని తడపడం వాకిట్లో కూర్చున్న రంపైకి కనబడింది. నీళ్ళు పీల్చిన మూటని ఒత్తకుండా పెడితే అది ఆవిరి కాపడం కాదు, మరిగే నీళ్ళే.

పూజ అయింది. అందరూ వరసగా వచ్చి లమ్యై కాళ్ళ దగ్గర పూలు పెట్టి, నేలకి నుదురు ఆనించారు. చివర ఆ ఇంటి ఆచారం ఒకటి ఉంది. గురువు ఏడాదికి తొలి మూట తన చేత్తో తీసి, చూసుకుని, తట్ట అందుకోబోయే మనిషి భుజానికి పెడుతుంది. ఆ తర్వాతే తట్ట చేతులు మారుతుంది.

“ప్రణీ, రా అమ్మా,” అంది లమ్యై.

ఆడవాళ్ళ తలలు ఒక్కసారి రంపై వైపు తిరిగి, మళ్ళీ ముందుకు తిరిగాయి. ప్రణీ మెల్లగా లేచి, నడుం నేలకి ఆనకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. భుజం మీది గుడ్డ జార్చింది. కాలిన మనిషికి ఆవిరి చూస్తేనే భయం.

“మా హోటల్లో అయితే థర్మామీటరు పెట్టి చూసి గానీ ఇవ్వరు,” అన్నాడు తవీ, పెళ్ళానికి ధైర్యం చెప్పే ధోరణిలో.

“లమ్యై చెయ్యి ఉండగా దానితో పనేంటి నాయనా?” అంది జంటా. నలుగురూ నవ్వారు.

లమ్యై మూత తీసింది. మూట పైకి వచ్చింది. అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా చెయ్యి సగమే మడిచి, ఎడమ ముంజేతికి ఆనించింది. నీళ్ళు మోచేతి దాకా జారి చాప మీద పడ్డాయి. దగ్గరగా కూర్చున్న ఒకావిడ కాలు మీద ఒక చుక్క పడింది. ఆవిడ ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కుంది. లమ్యై కదల్లేదు.

“సరిపోయింది,” అంది, ప్రణీ భుజం వైపు తిరుగుతూ.

నోరు మూసుకుని కూర్చుంటే అక్క మళ్ళీ కాలుతుంది. ఈసారి అందరి కళ్ళ ముందూ కాలుతుంది, కుండ దగ్గర రంపై లేదన్న సంగతి అందరికీ తెలుసు కనక నింద దానంతట అదే తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఆలోచన రాలేదని కాదు, వచ్చింది. అది వచ్చినందుకు రంపైకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె లేచింది. కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి వంగి నడుస్తూ వెళ్ళి, మూటకీ అక్క భుజానికీ మధ్య తన చెయ్యి చాపింది, లోపలి వైపు పైకి ఉండేలా.

“అమ్మా, ముందు నా చేతి మీద చూడు.”

గురువు చేతికి అడ్డం వెళ్ళడం అక్కడ ఎవరూ కనీ వినీ ఎరగరు. గుసగుసలు బయల్దేరాయి. “సిగ్గు లేదూ,” అన్నారెవరో. ప్రణీ విసురుగా వెనక్కి తిరిగింది.

లమ్యై కూతురి కళ్ళలోకి చూసింది. అక్కడ బెదిరింపు లేదు, బతిమాలుకోవడమూ లేదు. చెయ్యి మాత్రం చాపి ఉంది. మూట వెనక్కి తీసుకోవచ్చు. పిల్లని కసిరి పంపెయ్యొచ్చు. అందరూ ఆమె వైపే మాట్లాడతారు.

లమ్యై మూటని ఆ చేతి మీద పెట్టింది.

రంపై ఒళ్ళంతా బిగుసుకుంది. చెయ్యి వణికింది, వెనక్కి మాత్రం రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చెప్పు,” అంది లమ్యై, చాలా మెల్లగా.

“కాలుతోందమ్మా.”

లమ్యై చటుక్కున మూట ఎత్తేసింది. ప్రణీ చూపు చెల్లెలి ముంజేతి మీద పడింది. అక్కణ్ణుంచి తల్లి ముంజేతికి వెళ్ళింది. రెండూ ఒకేలా ఎర్రబడ్డాయి. ఒకటి గజగజ వణుకుతోంది. రెండోది ఎవరో పరాయి మనిషి చెయ్యిలా నిశ్చలంగా ఉంది. మడిచిన చొక్కా కింద ఎండిన బొబ్బలు ఇప్పుడు అందరికీ కనిపిస్తున్నాయి.

“అమ్మా,” అంది ప్రణీ. “మొన్న కూడా ఈ చేతి మీదే చూశావా?”

లమ్యై గురువు బొమ్మ వైపు చూసింది. పూలు పెట్టిన ఆడవాళ్ళని చూసింది. జంటా నోరు కూడా మూతపడింది.

“మొన్న కుండలోంచి మూట తీసింది నేనే,” అంది. “రంపై పాప దగ్గరుంది. చేతి మీద చూశాను. ఈ చేతికి వేడి తెలియదు. తెలియదని నాకు తెలుసు.”

“మరి మూడు రోజులూ దాన్ని నేను అన్నేసి మాటలంటుంటే?” అంది ప్రణీ. “ఒక్కసారైనా ఆపావా అమ్మా నన్ను?”

లమ్యై మూటని తువ్వాల్లో పెట్టి గట్టిగా ఒత్తింది. నీళ్ళు కారిపోయాయి. ఆవిరి పలచబడింది. అప్పుడు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. మూటని రెండు చేతులా పట్టుకుని చిన్నకూతురి ముందు చాపింది.

“ఇప్పుడు సరిపోయిందేమో నువ్వు చెప్పు,” అంది.

తట్ట ఇవ్వడం అంటే అదే. అక్కడున్న ఆడవాళ్ళందరికీ ఆ సంగతి అర్థమైంది. కొందరు అప్పుడే చేతులు జోడించారు కూడా. రంపై చిన్నప్పటి నుంచి కోరుకున్నది సరిగ్గా ఈ క్షణమే. చేతి మీద మంట చురచురలాడుతోంది. గడప దగ్గర మూడు రోజులు చల్లారిన చారు గిన్నెలు గుర్తొచ్చాయి. “ఎవరూ లేరు” అన్న మాట గుర్తొచ్చింది.

ఆమె మూట అందుకోలేదు.

“నన్ను కాదమ్మా,” అంది. “అక్కని అడుగు. మొన్న అరిచింది అది. నువ్వు దాని మాట వినలేదు, నేను వెనక్కి రావడం ఆలస్యమైంది. ఒళ్ళు దానిది. చెప్పాల్సింది అదే.”

లమ్యై మూట పట్టుకుని పెద్దకూతురి వైపు తిరిగింది.

“ప్రణీ, పెట్టనా?”

ప్రణీ తల్లి వైపు చూడలేదు, చెల్లెలి వైపూ చూడలేదు. తవీ లేచి నిలబడ్డాడు. ఉయ్యాలలో వెయ్యమని పాప ఏడుపు అందుకుంది. లమ్యై చేతుల్లో మూట మెల్లమెల్లగా చల్లారుతోంది. ప్రణీ చెయ్యి భుజం దాకా వచ్చి, జారిన గుడ్డ అంచుని పట్టుకుని ఆగింది. పైకి లాక్కుంటే వద్దన్నట్టే.

ఆ గుడ్డని ఆమె ఇంకా పైకి లాక్కోలేదు.